మెరిసే తెర, చదివే తెర



ఇవాళ కంప్యూటర్ మానిటర్ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మీ ఇంట్లో ఉన్నదే కావచ్చు. ఆఫీసులో మీ ఎదురుగా ఉన్నదే కావచ్చు. సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు మీసేవ కేంద్రంలో చూసినదే కావచ్చు. కంప్యూటర్ కొనేటప్పుడు మనం చాలా అడుగుతాం. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, గ్యారంటీ ఎన్నేళ్ళు అని ఆరా తీస్తాం. మానిటర్ దగ్గరికి వచ్చేసరికి ఒకటే ప్రశ్న. ఎన్ని అంగుళాలు? ఇంటికి తెచ్చి, వైర్లు తగిలించి, బొమ్మ కనబడితే హమ్మయ్య అనుకుంటాం. ఆ తర్వాత దాని అంచున ఉండే బటన్ల జోలికి ఏళ్ళ తరబడి ఎవరూ పోరు.

అక్కడే వచ్చింది చిక్కు. చాలా మానిటర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మన ఇంటికి తగినట్టు ఉండవు. దుకాణానికి తగినట్టు ఉంటాయి. షోరూములో పది మానిటర్లు వరసగా పెడతారు. పైన దీపాలు ధగధగలాడుతుంటాయి. ఆ వరసలో పక్కదానికన్నా తనదే మెరవాలని ప్రతి కంపెనీకీ ఉంటుంది. అందుకే వెలుగు పెంచి పంపుతారు. రంగులు చిక్కగా చేసి పంపుతారు. తెలుపులో కాస్త నీలం కలిపి పంపుతారు. అది రెండు నిమిషాలు చూసి మురిసిపోవడానికి బాగుంటుంది. ఎనిమిది గంటలు కూర్చుని చదవడానికి పనికిరాదు. దుకాణంలో మెరవడానికి పెట్టిన సెట్టింగులు వేరు, ఇంట్లో చదువుకోవడానికి కావలసినవి వేరు. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే. పైసా ఖర్చు లేదు. ఒక అరగంట తీరిక చాలు.

ముందు వెలుగు సంగతి చూద్దాం. బ్రైట్‌నెస్ అంటాం కదా, అది. దీన్ని సరిచేయడానికి ఒక తెల్ల కాగితం కావాలి. జిరాక్సు తీసే కాగితం ఏదైనా సరే. కంప్యూటర్లో ఖాళీ పేజీ ఒకటి తెరవండి. తెర నిండా తెలుపే ఉండాలి. ఇప్పుడు ఆ కాగితాన్ని తెర పక్కన పట్టుకోండి. రెండింటినీ ఒకేసారి చూడండి. కాగితం బూడిదరంగులో, మాసిపోయినట్టు కనబడుతోందా? అయితే మీ మానిటర్ వెలుగు ఎక్కువైంది. మీరు తెరను చదవడం లేదు, దీపాన్ని చదువుతున్నారు. బ్రైట్‌నెస్ తగ్గించండి. మెల్లమెల్లగా తగ్గించండి. కాగితం తెలుపూ తెర తెలుపూ ఇంచుమించు ఒకేలా కనబడిన చోట ఆపండి. రాత్రి ట్యూబులైటు కింద అయితే సగానికన్నా బాగా కిందికి రావాల్సి రావచ్చు. ఆశ్చర్యపోకండి. మానిటర్ పెట్టె మీద 250 నిట్స్, 300 నిట్స్ అని గొప్పగా రాసి ఉంటుంది. వెలుగును కొలిచే లెక్క అది. అచ్చుకు పంపే ఫొటోలు దిద్దేవాళ్ళు మాత్రం తమ తెరను 100, 120 నిట్స్ దగ్గరే ఉంచుకుంటారు. రోజంతా తెరతోనే బతికేవాళ్ళు అంత తక్కువలో పని చేస్తున్నారంటే ఆలోచించండి.

మొదటి పది నిమిషాలు తెర వెలవెలబోయినట్టు అనిపిస్తుంది. మన కన్ను ఆ మెరుపుకు అలవాటు పడిపోయింది మరి. కాసేపు ఓపిక పట్టండి, కన్ను సర్దుకుంటుంది. పగలు కిటికీలోంచి ఎండ పడే గదిలో ఇదే బ్రైట్‌నెస్ చాలకపోవచ్చు. అప్పుడు పెంచుకోండి. గది వెలుగు మారితే తెర వెలుగూ మారాలి. ఒకసారి పెట్టేసి మరిచిపోయేది కాదిది.

ఇంతకీ ఆ బటన్లు ఎక్కడుంటాయని అడుగుతారా? తెర కింది అంచున తడిమి చూడండి. అక్కడ లేకపోతే వెనకవైపు కుడి మూలన చిన్న మీట ఉండవచ్చు. దాన్ని నొక్కితే తెర మీద మెనూ వస్తుంది. ఏదో నొక్కితే ఏదో అయిపోతుందని భయపడకండి. దాదాపు అన్ని మానిటర్లలోనూ రీసెట్ అని ఒకటి ఉంటుంది. అది నొక్కితే మళ్ళీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే అయిపోతుంది.

బ్రైట్‌నెస్ పక్కనే కాంట్రాస్ట్ ఉంటుంది. దీన్ని మాత్రం కదపకండి. కంపెనీ ఇచ్చిన అంకె మామూలుగా సరిగ్గానే ఉంటుంది. కాంట్రాస్ట్ మరీ పెంచితే ఏమవుతుందో తెలుసా? పెళ్ళి ఫొటో ఒకటి తెరిచి చూడండి. పెళ్ళికొడుకు తెల్ల పంచె మీద మడతలు ఉంటాయి కదా, అవి మాయమైపోతాయి. పంచె అంతా ఒకే తెల్లటి ముద్దలా కనబడుతుంది. మడతలు కనబడుతున్నంత వరకూ కాంట్రాస్ట్ సరిగ్గా ఉన్నట్టే. అలాగే పెళ్ళికూతురి నల్లని జడలో వెంట్రుకల పాయలు విడివిడిగా కనబడాలి. జడంతా నల్లటి పట్టీలా ఉంటే నలుపు మునిగిపోయిందన్నమాట. మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్ అని ఉంటే ఆపేయండి. అది బొమ్మను బట్టి వెలుగును తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. సినిమా చూసేటప్పుడు పోనీలే అనుకోవచ్చు. లెక్కలు రాసుకునేటప్పుడు చిరాకు పుట్టిస్తుంది.

సరే, ఇప్పుడు అసలైన విషయానికి వద్దాం. రిజల్యూషన్. మాట కొత్తగా ఉన్నా సంగతి మనకు పాతదే. చుక్కల ముగ్గు తెలుసు కదా? 15 చుక్కల ముగ్గు వేయాలంటే 15 చుక్కలే పెట్టాలి. వాకిట్లో అప్పటికే 21 చుక్కలు పెట్టేసి ఉన్నాయనుకోండి. వాటి మీద 15 చుక్కల ముగ్గును సాగదీసి వెయ్యమంటే ఏమవుతుంది? కొన్ని గీతలు చుక్కల మీద పడతాయి, కొన్ని చుక్కల మధ్యలో పడతాయి. ముగ్గు వంకర పోతుంది. మన మానిటర్‌లోనూ అంతే. దానిలో చుక్కలు ఫ్యాక్టరీలోనే పెట్టేశారు. వాటినే పిక్సెల్స్ అంటాం. ఇవాళ మామూలుగా కొనే మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అంటే మొత్తం 20 లక్షల పైచిలుకు. ఆ చుక్కలు పెరగవు, తగ్గవు, జరగవు. కంప్యూటర్ కూడా సరిగ్గా అన్ని చుక్కల బొమ్మే పంపితే అక్షరం గీత గీసినట్టు వస్తుంది. తక్కువ చుక్కల బొమ్మ పంపితే మానిటర్ దాన్ని సాగదీస్తుంది. అక్షరం అంచు అలుక్కుపోతుంది.

పాత డబ్బా మానిటర్లకు ఈ బాధ ఇంతగా లేదు. వాటిలో ఎలక్ట్రాన్ల పుంజం తెర వెనక నుంచి గీతలు గీసుకుంటూ పోయేది. ఎన్ని గీతలు గీయమంటే అన్ని గీసేది. ఆ రోజుల్లో అక్షరాలు పెద్దగా కావాలంటే రిజల్యూషన్ తగ్గించేవాళ్ళం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. చాలా ఇళ్ళలో జరిగేది వినండి. తాతగారికి అక్షరాలు చిన్నగా కనబడుతున్నాయి. మనవడు వచ్చి రిజల్యూషన్ తగ్గించాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. తాతగారు సంతోషించారు. వారం తిరిగేసరికి, ఏమిట్రా ఇది, అంతా మసకమసగ్గా ఉంది అన్నారు. కళ్ళజోడు పాతదైందేమోనని డాక్టరు దగ్గరికి బయల్దేరారు. కళ్ళజోడు తప్పేమీ లేదు. మనవడు చేసిన ఉపకారమే అది.

మరి అక్షరాలు పెద్దవి కావాలంటే ఏం చేయాలి? దానికి వేరే దారి ఉంది. విండోస్ కంప్యూటర్ అయితే, డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేయండి. డిస్‌ప్లే సెట్టింగ్స్ అని వస్తుంది. లోపల డిస్‌ప్లే రిజల్యూషన్ ఉంటుంది. దానిలో ఒక అంకె పక్కన రికమెండెడ్ అని రాసి ఉంటుంది. అది మీ మానిటర్ సొంత చుక్కల లెక్క. అదే ఎంచుకోండి. ఇక దాన్ని కదపొద్దు. దానికి దగ్గర్లోనే స్కేల్ అని ఇంకోటి ఉంటుంది. 100 శాతం, 125 శాతం, 150 శాతం అని ఉంటాయి. అక్షరాలు పెద్దవి కావాలంటే ఇది పెంచండి. చుక్కలన్నీ పనిలో ఉంటాయి, అక్షరం పెద్దదవుతుంది, అంచు చెదరదు. మళ్ళీ చెబుతున్నాను. అక్షరం పెంచడానికి రిజల్యూషన్ తగ్గించకండి. స్కేల్ పెంచండి.

తెలుగు చదివేవాళ్ళకి ఈ విషయం మరీ ముఖ్యం. ఇంగ్లీషు అక్షరం కొంచెం మసకబారినా మాట పోల్చుకోవచ్చు. మన లిపి అలా కాదు. ద కి కింద చిన్న గీత చేరితే ధ. దాని లోపల చుక్క కూడా చేరితే థ. ప కి ఫ కి తేడా ఆ కింది గీతే. డ కి ఢ కి అంతే. పైన తలకట్టు, గుడి, గుడిదీర్ఘం. కింద ఒత్తు, పక్కన వట్రసుడి. ఇన్నీ ఆ కాస్త చోటులోనే ఇమడాలి. తెరలో ఒక్క చుక్క అటూ ఇటూ అయితే కథ కాస్తా కధ అవుతుంది. డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో ప్రూఫులు చూసేవాళ్ళని అడగండి. తెర మీద కనబడని తప్పు అచ్చులో ఎంత పెద్దగా కనబడుతుందో వాళ్ళకే తెలుసు.

అందుకే మానిటర్‌ను పరీక్షించాలంటే ఇంగ్లీషు వాక్యం పెట్టకండి. తెలుగు పెట్టండి. కథ, పథకం, బాధ, ఢంకా, ఫలితం, స్వాతంత్ర్యం, రాష్ట్రం. ఈ మాటలు పన్నెండు పాయింట్ల సైజులో టైపు చేయండి. మామూలుగా కూర్చునే దూరంలో కూర్చుని చూడండి. థ లో చుక్క విడిగా కనబడాలి. రాష్ట్రంలోని ష్ట్రలో మూడు హల్లులూ విడివిడిగా తెలియాలి. తెలిస్తే మీ మానిటర్ పాసైనట్టు.

పాస్ కాకపోతే రెండు చోట్ల చూడండి. మొదటిది మానిటర్ మెనూలోని షార్ప్‌నెస్. పేరు చూసి, ఇంకేం, పదును పెరుగుతుందని నూటికి నూరు పెట్టేస్తారు కొందరు. అది అసలు పదును కాదు. అక్షరం అంచు చుట్టూ తెల్లటి గీత ఒకటి అదనంగా గీసి, పదునుగా ఉందని మన కంటిని నమ్మిస్తుంది. ఆ అదనపు గీత మన ఒత్తుల మధ్య సందుల్లో దూరి అంతా కంగాళీ చేస్తుంది. నల్లటి అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనబడుతుంటే షార్ప్‌నెస్ తగ్గించండి. మరీ తగ్గిస్తే అక్షరం మెత్తబడుతుంది. ఆ రెండింటి మధ్య ఒక చోట సరిగ్గా కుదురుతుంది. మీ కన్నే చెబుతుంది.

రెండోది క్లియర్‌టైప్. విండోస్‌లో ఉండే ఏర్పాటు ఇది. తెరలోని ప్రతి చుక్కలోనూ నిజానికి మూడు సన్నటి పట్టీలు ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 1998లో ఒక కిటుకు ప్రకటించారు. అక్షరం అంచు దగ్గర చుక్క మొత్తాన్ని కాకుండా, దానిలోని పట్టీలను విడివిడిగా వాడుకోవడం. దాంతో వంపులు నునుపుగా వస్తాయి. వంపులే తప్ప నిలువు గీతలు పెద్దగా లేని మన లిపికి ఇది వరం. కంప్యూటర్‌లో వెతికే చోట క్లియర్‌టైప్ అని ఇంగ్లీషులో కొట్టండి. కొన్ని పేరాలు చూపించి, ఏది బాగుందో ఎంచుకోమంటుంది. కంటికి నచ్చినదాన్ని నొక్కుతూ పోవడమే. రెండు నిమిషాల పని.

ఇక కేబుల్. చిన్న వైరే కదా అనుకుంటాం. మానిటర్ వెనక నుంచి వచ్చే వైరు చివర నీలం రంగు ప్లగ్గు, దానికి రెండు పక్కలా బిగించే మరలు ఉన్నాయా? అది వీజీఏ కేబుల్. 1987లో ఐబీఎం కంపెనీ కంప్యూటర్లతో వచ్చింది. అప్పుడు డబ్బా మానిటర్లే ఉండేవి, వాటికి అది సరిపోయింది. ఇప్పుడు కంప్యూటర్ లోపల బొమ్మ అంకెల్లో ఉంటుంది. మానిటర్‌కి కూడా అంకెలే కావాలి. మధ్యలో ఈ వీజీఏ కేబుల్ కోసం కంప్యూటర్ ఆ అంకెలను కరెంటు అలలుగా మారుస్తుంది. అటువైపు మానిటర్ ఆ అలలను మళ్ళీ అంకెలుగా మార్చుకుంటుంది. ఈ రాకపోకల్లో కొంత పోతుంది. అక్షరాల పక్కన సన్నటి నీడ కనబడుతుంది. బొమ్మ కొద్దిగా వణుకుతుంది. మీ కంప్యూటర్‌కీ మానిటర్‌కీ హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లే పోర్ట్ గానీ ఉంటే ఆ కేబుల్ వాడండి. అంకెలు అంకెలుగానే వెళతాయి.

వీజీఏ తప్ప దారి లేదంటే, మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ అని ఉంటుంది. తెర నిండా అక్షరాలున్నప్పుడు దాన్ని ఒకసారి నొక్కండి. చాలావరకు సర్దుకుంటుంది. ఇంకో సంగతి. తెరంతా ఉన్నట్టుండి పచ్చగా, పసుపు రాసినట్టు అయిపోయిందా? గులాబీ రంగులోకి తిరిగిందా? మానిటర్ పాడైందని రిపేరుకు ఎత్తుకెళ్ళకండి. వీజీఏ కేబుల్‌లో ఒక్కో రంగుకు ఒక్కో పిన్ను ఉంటుంది. నీలం పిన్ను సరిగ్గా అతక్కపోతే తెర పసుపవుతుంది. ఆకుపచ్చ పోతే గులాబీ అవుతుంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పిన్నులేవైనా వంగాయేమో చూసి, మళ్ళీ తిన్నగా పెట్టి, మరలు బిగించండి. తడవకు ఇంతని డబ్బు తీసుకుని చేసే ఇలాంటి రిపేర్లలో సగం ఇదే అని నా అనుమానం.

ఈమధ్య చాలామంది ఇంట్లో ఉన్న టీవీనే మానిటర్‌గా వాడుతున్నారు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కాలం నుంచి ఇది పెరిగింది. తప్పేమీ కాదు. కానీ టీవీ టీవీలాగే ఆలోచిస్తుంది. కింద స్టార్ట్ బటన్ సగం తెగిపోయి కనబడుతోందా? పాత టీవీల కాలంలో బొమ్మ అంచులు నీటుగా ఉండేవి కావు. వాటిని దాచడానికి బొమ్మను కొంచెం పెద్దది చేసి చూపించేవారు. ఆ అలవాటు ఇప్పటి టీవీలకూ ఉంది. టీవీ సెట్టింగుల్లో జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది, అది పెట్టండి. మీరు వాడే హెచ్‌డీఎంఐకి పీసీ అని పేరు పెట్టే వీలు కొన్ని టీవీల్లో ఉంటుంది. ఆ పేరు పెడితే చాలు, టీవీ తన హంగులన్నీ పక్కనబెట్టి బొమ్మను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. నలుపు నల్లగా లేక వెలిసిపోయినట్టుంటే దానికీ కారణం ఉంది. టీవీ లెక్కలో నలుపు 16 దగ్గర మొదలవుతుంది, కంప్యూటర్ లెక్కలో సున్నా దగ్గర. ఇద్దరి లెక్కా కలవలేదన్నమాట. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఫుల్ రేంజ్ అని మారిస్తే నలుపు నలుపవుతుంది.

రిఫ్రెష్ రేటు గురించి క్లుప్తంగా చెబుతాను. తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేస్తుందనేదే అది. మామూలు మానిటర్లు 60 సార్లు. ఆటల కోసం అమ్మేవి 144 సార్లు, ఇంకా ఎక్కువ. మీ అబ్బాయి అలిగి మరీ 144 హెర్ట్జ్ మానిటర్ కొనిపించుకున్నాడా? అయితే అది నిజంగా 144 దగ్గర నడుస్తోందో లేదో చూడమనండి. చాలాసార్లు విండోస్ దాన్ని 60 దగ్గరే వదిలేస్తుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లోనే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అని ఉంటుంది, అక్కడ మార్చాలి. కంప్యూటర్‌లో వేరుగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్‌ను ఆ కార్డుకే తగిలించాలి. పైనున్న మామూలు సాకెట్టుకు తగిలించి, వేలు పోసి కొన్న కార్డును ఖాళీగా కూర్చోబెట్టేవాళ్ళు ఉన్నారు. ఇక ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళకి 60 చాలు. దీని కోసం కొత్త మానిటర్ కొననక్కర్లేదు.

రంగుల సంగతికి వద్దాం. మెనూలో కలర్ టెంపరేచర్ అని ఉంటుంది. కూల్, నార్మల్, వార్మ్ అంటారు. కూల్ అంటే తెలుపులో నీలం ఎక్కువ. వార్మ్ అంటే పసుపు ఎక్కువ. దుకాణంలో కూల్ పెట్టింది కడిగిన ముత్యంలా కనబడుతుంది. కానీ తెర మీద చూసే ఫొటోలు, రంగులు మామూలుగా 6500 కెల్విన్ అనే లెక్కకు తయారు చేస్తారు. అది మామూలు పగటి వెలుగు రంగు. మెనూలో 6500 అని ఉంటే అది పెట్టండి. ఎస్‌ఆర్‌జీబీ అని ఉంటే ఇంకా మంచిది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి ఏర్పరచిన రంగుల ప్రమాణం అది. చీరల వ్యాపారం చేసేవాళ్ళు, ఆన్‌లైన్‌లో చీర ఎంచుకునేవాళ్ళు ఇది తప్పక చేయాలి. వ్యాపారి తెరలో చిలకపచ్చ, కొనే ఆవిడ తెరలో నెమలి నీలం అయితే ఆ చీర తిరుగు టపాలో వస్తుంది. రాత్రిళ్ళు తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ వాడేవాళ్ళు రంగులు చూసేటప్పుడు దాన్ని ఆపండి. శుభలేఖలు, ఫ్లెక్సీలు వేయించేవాళ్ళకి ఒక హెచ్చరిక. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు సిరాతో చూపిస్తుంది. రెండూ అచ్చం ఒకేలా ఎప్పటికీ ఉండవు. తెర మీద చూసి ఓకే చెప్పకండి, ఒక కాపీ తీయించి చూడండి.

రంగులు మారడానికి ఇంకో కారణం మీరు కూర్చున్న కోణం. తెరను కింద నుంచి చూస్తే కొన్ని మానిటర్లలో ముఖాలు నల్లబడి ఫొటో నెగటివ్‌లా అయిపోతాయి. చవక మానిటర్లలో ఉండే టీఎన్ రకం తెరకు ఈ లోపం ఉంది. 1990ల్లో వచ్చిన ఐపీఎస్ రకంలో ఇది చాలా తక్కువ. కొనేటప్పుడు అంగుళాలతో పాటు ఈ మాట కూడా అడగండి, ఐపీఎస్ తెరేనా అని.

ఇక్కడ మన దేశం వాడి గొప్ప ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ తెరల్లో ఉండేది ద్రవ స్ఫటికం, లిక్విడ్ క్రిస్టల్. 1888లో ఆస్ట్రియాకు చెందిన వృక్షశాస్త్రవేత్త రైనిట్జర్ ఇలాంటి పదార్థం ఒకటుందని మొదట గుర్తించాడు. ఘనపదార్థమా, ద్రవమా అంటే రెండూనూ. దాదాపు తొంభై ఏళ్ళ వరకు తెలిసినవన్నీ సన్నటి పుల్లల ఆకారంలో ఉండే అణువులవే. 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్ళల ఆకారంలో ఉండే అణువులతోనూ ఇది సాధ్యమేనని కనిపెట్టారు. ఈయన సి.వి. రామన్ గారి మేనల్లుడు. ఆ బిళ్ళల రకం పదార్థంతోనే తర్వాత జపాన్‌లో ఫ్యూజీఫిల్మ్ సంస్థ ఒక పలుచని పొర తయారు చేసింది. ఆ పొర అతికిస్తే, పక్క నుంచి చూసినా తెర బొమ్మ చెదరడం తగ్గింది. బెంగళూరు ప్రయోగశాలలో పుట్టిన సంగతి ప్రపంచంలో ఎన్నో తెరల మీదికి చేరింది. మన పాఠ్యపుస్తకాల్లో చంద్రశేఖర్ పేరు ఇంకా పెద్దగా వినబడదు.

సెట్టింగులన్నీ అయ్యాయి. ఇప్పుడు మానిటర్‌ను ఎక్కడ పెట్టాలి? కిటికీకి ఎదురుగా పెట్టకండి. కిటికీ వెనక్కి వచ్చేలా కూడా పెట్టకండి. ఎదురుగా పెడితే కిటికీ తెరలో ప్రతిబింబిస్తుంది. వెనక ఉంటే ఆ ఎండ కంట్లో పొడుస్తుంది. కిటికీ మీ పక్కకు ఉండాలి, కుడి పక్కో ఎడమ పక్కో. మానిటర్ ఆపేసి, నల్లటి తెరలోకి చూడండి. ట్యూబులైటు కనబడుతోందా? గోడ మీద దేవుడి పటం అద్దం కనబడుతోందా? కనబడుతుంటే తెరను కొంచెం తిప్పండి, వంచండి.

చేయి చాపితే వేళ్ళు తెరకు తగిలీ తగలకుండా ఉండాలి. అదే దూరం. తెర పై అంచు మీ కళ్ళ ఎత్తులోగానీ, కొంచెం కిందగానీ ఉండాలి. బైఫోకల్ కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి ఈ లెక్క మారుతుంది. దగ్గరి చూపు అద్దం కింద ఉంటుంది కదా. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చూడాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. నాన్నగారు మెడనొప్పి అంటే మందు రాయడానికి ముందు మానిటర్ కింద ఉన్న పీట తీసేసి చూడండి.

నీలి వెలుగును ఆపుతాయనే కళ్ళజోళ్ళ గురించి అడిగేవాళ్ళు చాలామంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ అదనపు డబ్బు దండగ. 2023లో కొక్రేన్ అనే సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే అవి కంటి శ్రమను తగ్గిస్తాయని ఆధారాలు దొరకలేదు. తెర చూసేటప్పుడు కళ్ళు మండడానికి పెద్ద కారణం ఇంకోటుంది. మనం రెప్ప వేయడం మరిచిపోతాం. తెర ముందు రెప్పపాట్లు బాగా తగ్గిపోతాయి, కన్ను ఆరిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి, కిటికీ బయట దూరంగా ఉన్న చెట్టునో, ఎదురింటి డాబానో ఇరవై సెకన్లు చూడండి. దానికి ఎవరికీ ఏమీ చెల్లించనక్కర్లేదు.

చివరిగా శుభ్రం చేయడం. అద్దాలు తుడిచే స్ప్రే తెర మీద కొట్టకండి. వాటిలో కొన్నిటిలో అమోనియా ఉంటుంది, తెర మీది పూత పోతుంది. కొట్టిన నీళ్ళు కింది అంచులోంచి లోపలికి జారుతాయి కూడా. మానిటర్ ఆపి, చల్లారనిచ్చి, కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డతో తుడవండి. మరక పోకపోతే గుడ్డను కొద్దిగా తడపండి. తడి గుడ్డకు, తెరకు కాదు. నొక్కి రుద్దకండి. దసరాకి ఆయుధ పూజ చేసేటప్పుడు కుంకుమబొట్టు అంచు ప్లాస్టిక్ మీద పెట్టండి. తెర మీద పెడితే అమ్మవారు సంతోషిస్తుందేమో గానీ తెరకు గీతలు పడతాయి. కొత్తగా వచ్చినప్పుడు అతికించి ఉండే పలుచటి ప్లాస్టిక్ కాగితాన్ని, కొత్తదనం పోతుందని ఏళ్ళ తరబడి అలాగే ఉంచుతారు కొందరు. పీకేయండి. అది ఉన్నంతకాలం మీరు డబ్బు పెట్టి కొన్న తెరను చూడటం లేదు, ప్యాకింగును చూస్తున్నారు.

స్క్రీన్ సేవర్లు కూడా మానేయొచ్చు. డబ్బా మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి ఉంటే తెరకు మచ్చ పడేది, అందుకోసం పుట్టినవి అవి. ఇప్పటి మామూలు తెరలకు వాటి అవసరం లేదు. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా పెట్టండి. కరెంటూ మిగులుతుంది.

ఒక విన్నపం చేసి ముగిస్తాను. మీ ఊరి ప్రభుత్వ బడిలో కంప్యూటర్ గది ఉంటే, ఈ ఆదివారం కాకపోతే వచ్చే వారం హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని ఒకసారి వెళ్ళండి. అక్కడి మానిటర్లలో రిజల్యూషన్ రికమెండెడ్ దగ్గర ఉందా, వీజీఏ మరలు బిగించి ఉన్నాయా, వెలుగు సరిపోయిందా చూడండి. గది మొత్తం సరిచేయడానికి ఒక పూట పడుతుంది. పక్కన ఇద్దరు పిల్లల్ని నిలబెట్టుకుని చేయండి, రేపటి నుంచి వాళ్ళే చూసుకుంటారు.